ముందు పోయేవాళ్లు, వెనక వచ్చేవాళ్లు
(మట్టి దారిలో సైకిలు మర్యాద)



ఈసారి గోడపత్రికకు ఏం రాయాలి అని అడిగితే మా తెలుగు మేడం "నీకు చేతనైన పని గురించి రాయి" అన్నారు. నాకు చేతనైన పనులు రెండే. ఒకటి అడవి దారిలో నడవడం. అది మా నాయన నేర్పించాడు. రెండోది సైకిలు తొక్కడం. అది ఈ బడికి వచ్చినాకే నేర్చుకున్నాను. ఈ రెండూ కలిపి రాస్తున్నాను. తప్పులుంటే క్షమించండి.

మన స్టోరు గదిలో ఆరు సైకిళ్లు ఉన్నాయని అందరికీ తెలుసు. ఆదివారం పొద్దున పీఈటీ మేడంతో కలిసి ఎర్రమల కొండల కింద మట్టి దారిలో, బిలసర్గం గుహల వైపు పోయేవాళ్లం. రెండు నెలల నుంచి ఆ గదికి తాళం ఉంది. ఆ తాళం ఎందుకు పడిందో సగం మందికి సగమే తెలుసు. మిగతా సగం నేను చెప్తాను.

ఆ రోజు ఏం జరిగింది

ఆ రోజు మేము ఆరుగురం పోయాము. ఐదుగురం తొమ్మిదో తరగతి. ఒక్క చెల్లి ఆరో తరగతి. ఆ చెల్లి సైకిలు నేర్చుకుని నెల కూడా కాలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఒక దిగుడు ఉంటుంది. ఒక పక్క తుమ్మ కంప, ఇంకో పక్క పనికిరాదని పారబోసిన నాపరాయి ముక్కల కుప్ప. మధ్యలో దారి ఒక్క ఎద్దుల బండి పట్టేంత. ఆ చెల్లి రెండు బ్రేకులూ పట్టుకుని మెల్లగా దిగుతా ఉంది. నేను వెనక నుంచి జోరుగా వచ్చాను. గంట కొట్టలేదు. నోటితో కూడా ఏమీ చెప్పలేదు. పక్క నుంచి రయ్యిమని పోయాను. ఆ చెల్లి ఉలిక్కిపడి హ్యాండిలు తిప్పింది. రాళ్ల కుప్ప మీద పడింది. మోకాలికి నాలుగు కుట్లు పడ్డాయి.

అందరూ "పాపకు ఇంకా సరిగ్గా రాదు, అందుకే పడింది" అన్నారు. నేను కూడా తల ఊపాను. నా సైకిలు ఆమెకు తగల్లేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ తగలకపోయినా పడేసింది నేనే. ఆ చెల్లికి ఇదివరకే క్షమాపణ చెప్పాను. అందరి ముందు చెప్పడం ఇదే మొదటిసారి. ఆమె చేతగాక పడలేదు. నేను మర్యాద తప్పాను కాబట్టి పడింది.

అప్పటి నుంచి ఒకటే ఆలోచన. బాగా తొక్కేవాళ్లు, కొత్తగా తొక్కేవాళ్లు ఒకే దారిలో ఎట్లా పోవాలి? జోరుగా పోవడమే తప్పా? అడిగి, చదివి, గ్రౌండులో చేసి చూసి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

కొండ సైకిళ్ల కథ

ఈ గొడవ మనకే కాదు, ప్రపంచంలో అందరికీ వచ్చింది. సైన్సు సారు దీని గురించి వెతికి చూపించారు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో టమల్‌పైస్ అనే కొండ ఉంది. 1970ల్లో అక్కడి యువకులు పాత బరువు సైకిళ్లను బాగు చేసుకుని కొండ మీద నుంచి మట్టి దారిలో కిందికి తోలేవాళ్లు. 1976లో అక్కడికి దగ్గరలోనే ఒక దిగుడు దారిలో పందేలు మొదలుపెట్టారు. ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరు. ఆ పేరు ఎందుకు వచ్చిందంటే, ఆ పాత సైకిళ్లకు పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు వెనక చక్రం నడుమలో ఉండేది. కిందికి దిగేసరికి ఆ బ్రేకు కాలిపోయి లోపలి గ్రీజు అంతా పొగై పోయేది. మళ్లీ గ్రీజు కూరితే గానీ ఇంకోసారి దిగడానికి లేదు. మళ్లీ కూరడమే రీప్యాక్.

1977లో జో బ్రీజ్ అనే ఆయన కొండ దారి కోసమే కొత్త ఫ్రేము తయారు చేశాడు. అట్లా మౌంటెన్ బైకు అనేది పుట్టింది. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆ పందెం కూడా చేరింది.

కానీ మధ్యలో ఒక కష్టం వచ్చింది. ఆ కొండ దారుల్లో ముందు నుంచీ నడిచేవాళ్లు, గుర్రాల మీద పోయేవాళ్లు ఉన్నారు. సైకిళ్లు వెనక నుంచి జోరుగా వచ్చేసరికి మనుషులు, గుర్రాలు బెదిరిపోయేవి. ఫిర్యాదులు పోయాయి. 1980ల్లో చాలా దారుల్లో సైకిళ్లు రాకూడదని బోర్డులు పెట్టారు. అంటే వాళ్లకూ తాళం పడింది! అప్పుడు సైకిలు వాళ్లు అలిగి కూర్చోలేదు. 1988లో ఒక అంతర్జాతీయ సంఘం పెట్టుకుని, దారి నియమాలు రాసుకుని, దారులు బాగు చేసే పనికి కూడా దిగారు. ఆ నియమాలు చాలా చిన్నవి. తెరిచి ఉన్న దారిలోనే పో. దారిని పాడు చేయకు. సైకిలు నీ అదుపులో పెట్టుకో. ఎదుటివాళ్లకు దారి ఇవ్వు. జంతువులను బెదిరించకు. పోయే ముందే అన్నీ సిద్ధం చేసుకో.

ఇవి చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. ఇవన్నీ మా నాయన చెప్పే మాటలే.

మా అడవి దారి

మాది ఆత్మకూరు పక్క నల్లమలలో చెంచుగూడెం. మా నాయన బడి మొహం చూడలేదు. కానీ తేనెకు పోయినా గడ్డలకు పోయినా దారిలో ఆయన పద్ధతి మారదు. దారి తెలిసినవాడు ముందు నడుస్తాడు. ఇంకొక పెద్దవాడు అందరికంటే వెనక వస్తాడు. చిన్నోళ్లు, ముసలోళ్లు మధ్యలో. దారి రెండుగా చీలిన చోట ముందువాళ్లు ఆగుతారు. ఆగడానికి కుదరకపోతే పోని దారికి అడ్డంగా పచ్చి కొమ్మ విరిచి వేస్తారు. వెనకవాళ్లు ఆ కొమ్మ చూసి రెండో దారిన వస్తారు.

నేను చిన్నప్పుడు ఉరికి ముందుకు పోతే నాయన ఒకటే అడిగేవాడు, "ముందుకు పోతివి సరే, ఎలుగుబంటి ఎదురైతే వెనకున్నోళ్లకు ఎవరు చెప్తారు?" అని. ముందు పోయేవాడికి కాళ్లు గట్టిగా ఉంటే చాలదు, కళ్లు అందరి కోసం చూడాలి అనేవాడు.

ఇంకొకటి కూడా నేను చూశాను. ప్రతి ఏడూ ఉగాదికి కన్నడ భక్తులు శ్రీశైలం నడిచి పోతారు. వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు మీదుగా అడవిలో పోతారు. పడుచువాళ్లు, ముసలమ్మలు, చంటిబిడ్డల తల్లులు అందరూ ఒకే దారి. కొన్ని చోట్ల మెట్లు, రాళ్లు, ఇరుకు. అక్కడ జోరుగా నడిచేవాళ్లు "మల్లయ్యా!" అని కేక వేస్తూ వస్తారు. ఆ కేక విని ముందున్నవాళ్లు వీలైన చోట పక్కకు జరుగుతారు. ఎవరూ ఎవరినీ నెట్టరు. అంటే దేవుడి పేరే వాళ్లకు సైకిలు గంట అన్నమాట.

జోరు లెక్క

జోరుగా పోతే ఎందుకు ఆగలేము? మన తొమ్మిదో తరగతి సైన్సులోనే జవాబు ఉంది. గతిజ శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం రెండింతలు అయితే శక్తి నాలుగింతలు. ఆ శక్తినంతా బ్రేకు తినేయాలి. కాబట్టి ఆగడానికి పట్టే దూరం కూడా సుమారు నాలుగింతలు కావాలి.

నమ్మకం కుదరక పీఈటీ మేడంను అడిగాను. ఆమె వార్డెన్ మేడం అనుమతితో ఒక్క సైకిలు తీసి, గ్రౌండులో నా చేత చేయించారు. సుద్దపొడితో 20 మీటర్ల దూరంలో రెండు గీతలు గీశాము. మొదటిసారి ఆ దూరం 7 సెకన్లలో పోయి, రెండో గీత మీద బ్రేకు వేశాను. 3 అంగల దూరంలో ఆగింది. రెండోసారి మూడున్నర సెకన్లలో పోయి అదే గీత మీద బ్రేకు వేశాను. 11 అంగలు పోయింది! సరిగ్గా నాలుగింతలు కాకపోయినా ఇంచుమించు అంతే.

ఇది గీత ఎక్కడుందో ముందే తెలిసినప్పటి లెక్క. దారిలో మేక అడ్డం వస్తే అది చూసి, చెయ్యి బ్రేకు పట్టేసరికి ఒక సెకను పోతుందనుకుందాం. గంటకు 10 కిలోమీటర్ల వేగమైతే ఆ ఒక్క సెకనులో 2.8 మీటర్లు పోతాము. 20 కిలోమీటర్లయితే 5.6 మీటర్లు. ఆ తర్వాతే బ్రేకు పని మొదలు. దిగుడులో అయితే ఇంకా దూరం. గులకరాళ్ల మీద చక్రం జారుతుంది. వానకు రిమ్ము తడిస్తే మన సైకిళ్ల బ్రేకు రబ్బరు సరిగ్గా పట్టదు.

అందుకని జోరుకు హద్దు ఏమిటంటే, కంటికి కనిపించే దారిలోపల ఆగగలిగేంత వేగమే మన వేగం. మలుపు అవతల కనబడదు కాబట్టి మలుపుకు ముందే తగ్గించాలి. మలుపులో పడి బ్రేకు పట్టకూడదు. రెండు బ్రేకులూ కలిపి, మెల్లమెల్లగా బిగించాలి. దిగుడులో ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టామంటే వెనక చక్రం లేచి మనం హ్యాండిలు మీద నుంచి ముందుకు పడతాము. దిగేటప్పుడు ఒళ్లు కొంచెం వెనక్కి పెట్టాలి.

దారి మర్యాదలు

1. గంట లేదా మాట. ముందున్నవాళ్లను దాటాలంటే దూరం నుంచే గంట కొట్టి, "అక్కా, కుడి పక్క వస్తా ఉన్నా" అని చెప్పాలి. ఎడమ పక్క నుంచి దాటకూడదు. ఎంతమంది వస్తున్నారో కూడా చెప్పాలి. "ఇంకా ఇద్దరు ఉన్నారు" అంటే ఆ అక్క మొదటి సైకిలు పోగానే మధ్యలోకి రాదు.

2. చోటు ఎంచుకునేది ముందున్నవాళ్లు. గంట కొట్టగానే ముందున్న చెల్లి కంపలోకి దూకాలని లేదు. ఆమె తనకు వీలైన చోట ఎడమకు జరిగి "రా అక్కా" అన్నాకే దాటాలి. అంతవరకు వెనక ఓపిక పట్టాలి. నేను తప్పింది ఇక్కడే. దిగుడు అయిపోయాక 50 అడుగుల్లో దారి వెడల్పు అవుతుంది. నేను అంతవరకు ఆగి ఉంటే నాకు పోయేది పది సెకన్లు.

3. మెల్లగా పోయేవాళ్లకూ మర్యాద ఉంది. వెనక ఎవరో వస్తున్నారని తెలిసీ దారి మధ్యలో పోవడం, ఇద్దరు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటా పోవడం తప్పు. ఆగాలంటే దారి పక్కకు వచ్చి ఆగాలి, దారి నడుమ కాదు. మెల్లగా పోవడం సిగ్గు కాదు, దారి ఇవ్వడం ఓడిపోవడం కాదు.

4. ఎక్కేవాళ్లకు దిగేవాళ్లు దారి ఇవ్వాలి. ఇది కొండ సైకిలు వాళ్ల పెద్ద నియమం. ఎక్కుడులో ఒకసారి ఆగితే మళ్లీ తొక్కడం చాలా కష్టం. దిగేవాళ్లు ఆగినా తేలిగ్గా కదులుతారు. కష్టం ఎవరిదో దారి వాళ్లది.

5. నడిచేవాళ్లే పెద్ద. గొర్రెల మంద వస్తే దిగి నిలబడాలి. గంట కొడితే గొర్రెలు చెదిరిపోతాయి, కాపరి తాత తిప్పలు పడతాడు. ఎద్దుల బండి పక్కన మాట్లాడుతా మెల్లగా పోవాలి, ఎద్దు మనిషి గొంతు వింటే బెదరదు. నెత్తిన నీళ్ల బిందె పెట్టుకుని వచ్చే అవ్వను చూస్తే గంట కూడా వద్దు, మనమే పక్కకు జరగాలి.

6. నాపరాయి ట్రాక్టర్లకు, లారీలకు దూరం. మన బేతంచెర్లలో ఇది ముఖ్యం. నాపరాళ్ల బరువుతో పోయే ట్రాక్టరు వెంటనే ఆగలేదు, దాని లెక్క మన లెక్క కంటే పెద్దది. దాని వెనకే పోతే దుమ్ములో గుంత కనబడదు. పాలిష్ ఫ్యాక్టరీల తెల్ల బురద దారి మీద పడి ఉంటే తడిసినప్పుడు సబ్బులా జారుతుంది. అక్కడ దిగి నడిపించాలి.

7. దారి తప్పి తొక్కకూడదు. దారి బాగా లేదని రైతు శెనగ చేనులో నుంచి కొత్త దారి చేయకూడదు. వాన పడిన మర్నాడు మట్టి దారిలో తొక్కితే చక్రాల గాళ్లు పడి, ఎండినాక రాళ్లలాగా గట్టిపడతాయి. తర్వాత వచ్చేవాళ్లు వాటిలో పడతారు. సర్రుమని జారుతా ఆపడం చూడ్డానికి బాగుంటుంది గానీ అది టైరునూ తింటుంది, దారినీ తింటుంది.

8. సైకిలుకు సైకిలుకు మధ్య మూడు సైకిళ్ల దూరం. దిగుడులో ఇంకా ఎక్కువ. ముందుపిల్ల పడితే మనం ఆమె మీద పడకూడదు.

9. పోయే ముందు చూసుకోవలసినవి. గాలి, బ్రేకు, చైను, గంట, హ్యాండిలు బిగువు. చున్నీ నడుముకు గట్టిగా కట్టుకోవాలి, చైనులో పడితే మనల్నే లాగేస్తుంది. పల్లేరు ముళ్లు ఉన్న దారి కాబట్టి పంపు, పంచరు సామాను ఒకరి దగ్గరైనా ఉండాలి.

అన్నిటికంటే పెద్ద మర్యాద

ఇది ఏ నియమంలోనూ ఇంత వివరంగా కనబడలేదు. ఆ చెల్లే నాకు చెప్పింది.

మేము జోరుగా తొక్కేవాళ్లం రాళ్ల కుప్ప దగ్గరో, చింతచెట్టు కిందో ఆగి వెనకవాళ్ల కోసం చూసేవాళ్లం. మేము మంచివాళ్లమే అనుకునేదాన్ని. ఆ చెల్లి అంది, "అక్కా, మీరు ఆగుతారు. నేను రొప్పుకుంటా మీ దగ్గరికి వస్తానే 'వచ్చేసింది, పదండి' అని లేస్తారు. మీరు అందరూ నీళ్లు తాగి కూర్చుని ఉంటారు. నేను ఒక్కదాన్నే ఎప్పుడూ కూర్చోలేదు."

ఆ మాట విని నా నోట మాట రాలేదు. లెక్క చూడండి. అందరికంటే ఎక్కువ అలిసిపోయేది ఎవరు? వెనకున్న చిన్నపిల్ల. అందరికంటే తక్కువ విశ్రాంతి ఎవరికి? ఆమెకే. అలిసిపోయిన చేతులతో దిగుడులో బ్రేకు పట్టేది కూడా ఆమే. ఆ రోజు ఆ దిగుడులో ఆమె అంత బిగుసుకుపోయి ఉండటానికి కారణం మేమే.

అందుకని అసలు ఆగడం అంటే ఇది. చివరి మనిషి వచ్చినాక ఆమె నీళ్లు తాగి, "ఇంక పోదాం అక్కా" అనేదాకా ఆగాలి. కదలమని చెప్పే హక్కు చివరి మనిషిది.

మరి జోరుగా పోకూడదా?

పోవచ్చు. "పరుగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్లు తాగడం మేలు" అని సామెత ఉంది. కానీ ఎప్పుడూ నిలబడే ఉంటే మన కాళ్లలో బలం ఎట్లా తెలుస్తుంది? మన లాంబాడా అక్క మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కింది. ఆమె కూడా మనలాగే గురుకులంలో చదివిన పిల్లే. ఆమెను ఎవరైనా "నీకెందుకు, నిదానంగా ఉండు" అని కూర్చోబెట్టి ఉంటే ఎక్కేది కాదు. నాకు కూడా ఎక్కుడులో పెడల్ల మీద లేచి తొక్కుతుంటే, ముఖానికి గాలి కొడుతుంటే, మా అడవి జ్ఞాపకం వస్తుంది. ఆ సంతోషం తప్పు కాదు.

కానీ జోరు చూపించడానికి చోటు, సమయం ఉన్నాయి. జోరుగా పోవాలనుకునేవాళ్లు ముందే బయలుదేరాలి, అప్పుడు ఎవరినీ దాటే పనే ఉండదు. ముందే అనుకున్న గుర్తు దగ్గర ఆగాలి. వెడల్పు దారిలో, ఎక్కుడులో బలం చూపించాలి. ఇరుకు దిగుడులో కాదు. ఎక్కుడులో ఎంత బలం చూపించినా ఎవరికీ దెబ్బ తగలదు.

వార్డెన్ మేడం గారికి మనవి

మేడం, తాళం వేయడం తప్పని నేను అనడం లేదు. మా క్షేమం మీ బాధ్యత. కానీ తాళం అలాగే ఉంటే ఆరో తరగతి చెల్లెళ్లకు ఎప్పటికీ సైకిలు రాదు. మా గూడేల్లో, తండాల్లో చాలామంది ఇంట్లో సైకిలే లేదు. ఇక్కడ నేర్చుకోకపోతే ఇంకెక్కడ నేర్చుకుంటాము? రేపు కాలేజీకి పోవాలంటే బస్సు రాని ఊళ్లు మావి.

కాబట్టి మళ్లీ తెరిచే ముందు ఈ పద్ధతి పెట్టమని వేడుకుంటున్నాను. ఆరుగురు పోతే ముందు ఒకరు, చివర ఒకరు పెద్దపిల్లలు ఉండాలి. చివర ఉండేవాళ్లు ఎవరినీ దాటకూడదు, ఎవరినీ విడిచిపెట్టకూడదు. మొదటి నెల అంతా గ్రౌండులోనే బ్రేకు, గంట, దాటడం నేర్పాలి. మర్యాద తప్పినవాళ్లకు రెండు వారాలు సైకిలు ఇవ్వకూడదు.

మొదటి శిక్ష నాకే వేయండి. రెండు వారాలు కాదు, ఈ సంవత్సరం అంతా నేను చివర సైకిలు మీదే వస్తాను. మా నాయన కూడా ఎప్పుడూ అందరికంటే వెనక ఉండేవాళ్లనే ఎక్కువ నమ్ముతాడు. ఆ పని చేతనవుతుందో లేదో నేను చూసుకోవాలి.

ఆ చెల్లి కుట్లు మానిపోయాయి. నిన్న సాయంత్రం స్టోరు గది కిటికీలోంచి సైకిళ్లు చూస్తా ఉంది. "అక్కా, నా సైకిలుకు గాలి దిగిపోయింది" అంది. నేను పంపు అడిగి పెట్టుకున్నాను. తాళంచెవి మాత్రం మీ దగ్గర ఉంది మేడం.

ఇట్లు,
మీ స్నేహితురాలు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని,
బేతంచెర్ల.